గోడమీది శిల్పం, లందలోని తోలు

వస్తువు ముఖ్యమా, రూపం ముఖ్యమా అన్న చర్చ మన సాహిత్య సభల్లో అరిగిపోయిన చర్చ. చివరికి ఎవరో ఒకరు లేచి "వస్తువే రూపాన్ని నిర్ణయిస్తుంది" అంటారు. అందరం తలలూపి ఇళ్లకు పోతాం. ఎలా నిర్ణయిస్తుంది? నిర్ణయించకుండా పైపైన అతికినప్పుడు ఏం జరుగుతుంది? ఈ రెండు ప్రశ్నలూ ఎప్పుడూ మిగిలిపోతాయి. ఈ వ్యాసంలో వాటిని కావ్యంమీద కాక ఒక కట్టడంమీద పెట్టి చూస్తాను. రాళ్లూ ఇటుకలూ అబద్ధమాడలేవని కాదు. అవి ఆడే అబద్ధం కొలతకు దొరుకుతుంది. ఎవరు కట్టించారో, ఎందుకు కట్టించారో, లోపల ఎవరు నిలబడ్డారో చెప్పుకోవచ్చు. కవిత్వం విషయంలో ఇంత సూటిగా చెప్పుకోవడానికి మనం ఇంకా మొగమాట పడుతున్నాం.

లండన్ నగరంలో థేమ్స్ నదికి దక్షిణాన బెర్మండ్సీ అనే పేట ఉంది. విక్టోరియా రాణి కాలంలో అది తోళ్ల పేట. నగరంలోని కబేళాల తోళ్లు నది దాటితే చాలు అక్కడికి చేరేవి. నీళ్లకు కొదవలేదు. తోలు ఊనడానికి కావలసిన ఓక్ చెట్టు బెరడు దక్షిణపు జిల్లాలనుంచి వచ్చేది. అంతకుమించిన కారణం మరొకటుంది. కంపుకొట్టే పనిని నగరం తన సరిహద్దుకు అవతల పెట్టుకుంది. అక్కడ 1833లో తోళ్ల అంగడి కట్టారు. దాని పక్కనే 1878-79లో తోలు, చర్మం, ఉన్ని వర్తకుల ఎక్స్ఛేంజి భవనం లేచింది. నిర్మాణ శిల్పులు జార్జ్ ఎల్కింగ్టన్ అండ్ సన్స్. నేటికీ నిలిచి ఉన్న ఆ భవనం ముఖభాగంమీద గుండ్రటి రాతి ఫలకాలున్నాయి. తోళ్ల పనీ, తోళ్ల బేరమూ వాటిలో చెక్కి ఉన్నాయి. వాకిలి దగ్గర భవనం బరువును భుజాన మోస్తున్నట్టు మగ విగ్రహాలు వంగి ఉన్నాయి.

మన ప్రగతిశీల విమర్శకుడెవరైనా ఈ బొమ్మల్ని చూస్తే ముందు సంతోషిస్తాడు. రాజుల్నీ సేనాధిపతుల్నీ దేవతల్నీ చెక్కే రోజుల్లో, తోళ్ల పనివాణ్ణి భవనం నుదుటిమీదికి ఎక్కించారు గదా అని. 'దేశచరిత్రలు' గేయంలో శ్రీశ్రీ వేసిన ప్రశ్న మనందరికీ కంఠతా వచ్చు. చరిత్ర చెప్పకుండా దాటేసిన కూలీల్ని గురించిన ప్రశ్న అది. ఇంచుమించు అదే ప్రశ్నను జర్మనీలో బ్రెహ్ట్ 1935లో వేశాడు. ఆ ప్రశ్న ఇప్పటికీ చెల్లుతుంది. కాని బెర్మండ్సీ భవనం ముందు అది చాలదు. ఇక్కడ కూలీని దాచలేదు, చూపించారు. కనుక ఇక్కడ వేయవలసిన ప్రశ్న వేరు. అతణ్ణి ఎక్కడ చూపించారు? ఎవరికోసం చూపించారు? లోపల జరిగే పనితో ఆ చూపించడానికి సంబంధమేమిటి?

ఎక్స్ఛేంజి లోపల తోలు ఊనలేదు. అక్కడ జరిగింది బేరం. ఫలకంమీద శ్రామికుడున్నాడు, లోపల వర్తకుడున్నాడు. ఫలకంలోని మనిషి వంగి పని చేస్తూనే ఉంటాడు, కూలి అడగడు. అతని చేతికి పుండు లేదు, ఒంటికి కంపు లేదు. వర్తకుడికి కావలసింది సరిగ్గా అదే. తన లాభానికి మూలం శ్రమ అని అతనికి తెలుసు. అందుకే శ్రమను పరిశుభ్రం చేసి గోడమీద నగలా పెట్టుకున్నాడు. శ్రమను దాచే సంస్కృతి ఒకటి, శ్రమను అలంకారంగా ధరించే సంస్కృతి మరొకటి. రెండోదాన్ని గుర్తుపట్టడం కష్టం, ఎందుకంటే అది చూడటానికి మన పక్షాన ఉన్నట్టే ఉంటుంది.

అదే పేటలో మరో రకం కట్టడాలున్నాయి. అవి అసలైన తోళ్ల కార్ఖానాలు. 19వ శతాబ్దపు తోళ్ల కార్ఖానాను ఏ శిల్పీ ఊహించి కట్టలేదు, పనే దాన్ని కట్టింది. తడిసిన తోళ్లు చాలా బరువు, కాబట్టి నానబెట్టే గుంటలు, సున్నపు గుంటలు, ఊనే గుంటలు అన్నీ నేలమట్టాన ఉండాలి. సున్నంలో నానిన తోలును దిమ్మెమీద వేసి వెంట్రుకలు, కండ గీకాలంటే మనిషి వంగి నిలబడేంత జాగా, వెలుతురు ఉండాలి. ఓక్ బెరడు రసంలో మందపాటి తోలు ఊనడానికి ఏడాది, ఏడాదిన్నర పట్టేది గనుక గుంటలు వరసలు వరసలుగా ఉండాలి. ఊనిన తోలు ఆరడానికి ఎండ పనికిరాదు, నెమ్మదైన గాలి కావాలి. అందుకని పై అంతస్తులకు గోడలకు బదులు తెరిచి మూసే చెక్కరెక్కలు పెట్టారు. గాలి ఎక్కువైతే మూస్తారు, తగ్గితే తెరుస్తారు. కింద గుంటలు, పైన రెక్కల అటక, మధ్య తోళ్లు ఎక్కించే కప్పీ. ఇదీ తోళ్ల కార్ఖానా వాస్తు. ఇందులో నగ అంటూ ఏదీ లేదు. అయినా చూసేవాడు ఆ రెక్కల అటకను చూసి ఇక్కడ ఏదో ఆరుతుందని చెప్పగలడు. వస్తువు రూపాన్ని నిర్ణయించడమంటే ఇది.

ఈ పేటలోనే నెకింజర్ మిల్స్ అనే పెద్ద కార్ఖానాను బెవింగ్టన్ల కుటుంబం నడిపింది. ఆ వంశంలోని శామ్యూల్ బెవింగ్టన్ బెర్మండ్సీకి తొలి మేయరయ్యాడు, టూలీ స్ట్రీట్‌లో ఆయనకు విగ్రహం కూడా ఉంది. అదే నెకింజర్ వాగు పక్క మురికివాడలో డికెన్స్ తన 'ఆలివర్ ట్విస్ట్'లోని దుర్మార్గుడు సైక్స్‌కు చావు రాశాడు. వీళ్లెవరికీ విగ్రహంలో గాని నవలలో గాని దక్కని చోటు దక్కవలసిన మరో మనిషి ఉన్నాడు. హెన్రీ మేహ్యూ లండన్ బీదల బతుకుల్ని గురించి 1851లో రాసిన గ్రంథంలో అతడు కనిపిస్తాడు. పల్చని తోళ్లు మెత్తబడటానికి కుక్కల పెంట వాడేవారు. వీధుల్లో దాన్ని ఏరి బకెట్ల లెక్కన బెర్మండ్సీ కార్ఖానాలకు అమ్ముకుని బతికేవాళ్లు ముసలివాళ్లు, దిక్కులేని ఆడవాళ్లు. ఆ సరుకుకు తోళ్ల వ్యాపారంలో ఉన్న పేరు 'ప్యూర్', అంటే శుద్ధం! తోలును శుద్ధి చేస్తుంది కాబట్టి ఆ పేరు వచ్చిందంటారు. ప్రపంచంలో ఏ మూలైనా శుద్ధమన్న మాట ఎవరి మెడకు తగులుకుంటుందో చూడండి. ఎక్స్ఛేంజి ఫలకాల్లో ఈ ముసలమ్మకు చోటు లేదు. అలంకారానికి కూడా ఒక హద్దుంటుంది.

జహీరాబాదులో కూర్చుని లండన్ తోళ్ల సంగతి నాకెందుకంటారా? ఎందుకంటే ఆ పేటకూ మా నేలకూ మధ్య ఒక చెట్టు ఉంది. అది తంగేడు. 1956 దాకా బీదరు జిల్లాలో ఉన్న మా ప్రాంతంలో ఎర్రనేలల మీద ఎవరూ విత్తకుండా మొలిచే మొక్క అది. బతుకమ్మలో మొదటి పూవు. 2014లో తెలంగాణ రాష్ట్ర పుష్పమైంది. దాని పూవును గురించి మనకు కావలసినన్ని పాటలున్నాయి. దాని చెక్కను గురించి ఎన్ని ఉన్నాయి? దక్షిణ భారతంలో తోలు ఊనింది తంగేడు చెక్కతోనే. 1840ల ప్రాంతంలో పాండిచ్చేరికి చెందిన చార్లెస్ డిసూసా అనే అతను మద్రాసులో ఆ పద్ధతిని మెరుగుపరిచి ఎగుమతికి బాట వేశాడంటారు. తంగేడు చెక్కలో ఊని, కరక్కాయ నీళ్లలో తేల్చిన ఆవుతోళ్లు, మేకతోళ్లు 'ఈస్టిండియా' సరుకన్న పేరుతో లండన్ వేలాలకు వెళ్లేవి. అక్కడి కార్ఖానాలు వాటికి తుది మెరుగు పెట్టి రెట్టింపు విలువకు అమ్ముకునేవి. మొదటి ప్రపంచ యుద్ధంలో బ్రిటిష్ సైనికుల బూట్ల పైతోలుకోసం ఈ సరుకును ప్రభుత్వమే తన అదుపులోకి తీసుకుంది. అంటే బెర్మండ్సీ కార్ఖానాకు సగం గుంటలు మన దేశంలోనే ఉన్నాయన్నమాట. ఆ భవనం ప్లానులో మాత్రం అవి కనిపించవు.

మరి మన దగ్గర ఆ పని జరిగిన కట్టడమేది? కట్టడం లేదు. ఊరి బయట, వాగు ఒడ్డున, చెట్టు కింద లంద ఉండేది. తోలును సంచిలాగా కుట్టి, లోపల తంగేడు చెక్క నింపి, నీళ్లు పోసి కొమ్మకు వేలాడదీసేవారు. గోడ లేదు, కప్పు లేదు, ఫలకం సరే సరి. ఊరి వాస్తులో మాదిగవాడకు ఉన్న చోటే ఆ కార్ఖానా ప్లాను. గాలి వాలు చూసి, నీటి వాలు చూసి, కులం వాలు చూసి దాన్ని పెట్టారు. బెర్మండ్సీలో నగరం కంపుకొట్టే పనిని అవతలికి నెట్టింది. మనవాళ్లు పనితోపాటు పనిచేసిన మనిషిని, అతని పిల్లల్ని, ఆ పిల్లల పిల్లల్ని కూడా నెట్టారు. పెట్టుబడిదారీ విధానానికీ కుల వ్యవస్థకూ తేడా ఇక్కడే తేలుతుంది. బెర్మండ్సీ పనివాడి కొడుకు పని మారితే ఆ కంపు అతణ్ణి వదిలేది. మాదిగ పిల్లవాడు ఎం.ఏ. చదివినా ఇక్కడ వదలలేదు.

ఆ లందనుంచే ఊరి వ్యవసాయం నడిచింది. మోటకు తోలు బొక్కెన, దాని తొండం, కాడికి వారు, కాలికి చెప్పు అన్నీ అక్కడివే. నిజాం రాజ్యంలో ఇవన్నీ దొరలకు వెట్టి కింద ఊరికే ఇవ్వవలసి వచ్చిందని సుందరయ్య తెలంగాణ సాయుధ పోరాటంమీద 1972లో వచ్చిన తన గ్రంథంలో నమోదు చేశారు. తరువాత తోళ్ల వర్తకం పట్నాలకు తరలింది. చచ్చిన గొడ్డు తోలు ఊళ్లో హక్కుగా ఉన్నది బజారులో సరుకైంది. లంద యజమాని కార్ఖానాలో కూలీ అయ్యాడు. ఇంట్లో తెలుగు మాట్లాడే అరుంధతీయులు తమిళనాడు పశ్చిమ జిల్లాల్లో ఈనాటికీ ఎక్కువగా చెప్పుల పనిలో, పాకీ పనిలో ఉండటం ఆ చరిత్రలో ఒక పుట. 'పెట్టుబడి' మొదటి సంపుటంలో మార్క్స్ కార్మికుణ్ణి తన చర్మాన్నే అంగడికి తెచ్చుకున్నవాడితో పోల్చి, అతనికి దక్కేది తోలు ఊనడమేనన్న అర్థం వచ్చే చమత్కారం చేశాడు. మన దేశంలో అది చమత్కారం కాదు, వృత్తి చిరునామా.

ఇప్పుడు సాహిత్యానికి వద్దాం. నా వాదం సూటిగా ఇది: తోలు పనిని గురించి మన అభ్యుదయ కవిత్వంలో ఎక్కువ భాగం ఎక్స్ఛేంజి భవనంమీది ఫలకంలాంటిది. డప్పు మోగుతుంది, చెప్పు లేస్తుంది, ఆరె మెరుస్తుంది. ఏ కవితా సంకలనం తెరిచినా ఈ మూడూ కనబడతాయి. కాని ఆ తోలు డప్పు కావడానికి ముందు ఏమైంది? ఎవరు గీకారు? ఏ నీళ్లలో నానింది? ఎన్నాళ్లు పట్టింది? వర్షాకాలంలో ఆరక పాడైతే నష్టం ఎవరిది? వీటికి ఆ కవితల్లో జవాబు లేదు. ప్రతీక ఉంది, ప్రక్రియ లేదు. కవి తన ఆగ్రహానికి గుర్తుగా డప్పును గోడకు తగిలించాడు. లోపల జరిగేది మాత్రం అతని సొంత వ్యవహారం.

దీనికి మిత్రులు చెప్పే సమాధానం నాకు తెలుసు. కవిత్వం వృత్తి నిఘంటువు కాదు, ప్రతీక లేకుండా కవిత్వమే లేదు అంటారు. నిజమే. డప్పే జనాన్ని కదిలించలేదా అంటారు. అదీ నిజమే. 1994 జూలైలో ప్రకాశం జిల్లా ఈదుమూడిలో మొదలైన దండోరా డప్పుతోనే లేచింది. 30 ఏళ్ల తరువాత 2024 ఆగస్టు 1న సుప్రీంకోర్టు షెడ్యూల్డు కులాల వర్గీకరణకు దారి తెరిచిన తీర్పు దాకా ఆ మోత ఆగలేదు. కాని అక్కడ డప్పు ఎవరి చేతిలో ఉందో చూడాలి. కొట్టేవాడి చేతిలో ఉన్నప్పుడు అది పనిముట్టు, ఆయుధం. చూసేవాడి కవితలో ఉన్నప్పుడు, ఆ చూసేవాడు తన చూపుకు లెక్క చెప్పనప్పుడు, అది ఫలకం. ప్రతీక వద్దని నేననడం లేదు. ప్రతీక వెనక గుంట ఉండాలంటున్నాను.

వెనక గుంట ఉన్న ప్రతీకకు ఉదాహరణ కావాలంటే 1941 నాటి జాషువ 'గబ్బిలం' ఉంది. దాన్ని మనం సందేశ కావ్యంగా, కరుణ రస కావ్యంగా పాఠం చెబుతున్నాం. అది కట్టడాన్ని గురించిన కావ్యం కూడా అని నేను మనవి చేస్తాను. అరుంధతీ సుతుడు గుడిలో అడుగుపెట్టలేడు. గబ్బిలం ఆ గుడి కప్పుకు తలకిందులుగా వేలాడగలదు. శివుడి చెవిదాకా పోగల దూత ఎవరన్నది ఆ గుడి వాస్తే నిర్ణయించింది. కవి హంసను గాని మేఘాన్ని గాని ఎంచుకోకపోవడం అలంకారం కోసం కాదు. గోడ ఎవరిని ఆపుతుంది, ఎవరిని ఆపలేదు అన్న లెక్కనుంచి ఆ గబ్బిలం పుట్టింది. రెక్కల అటక పనినుంచి పుట్టినట్టే ఈ రూపం బతుకునుంచి పుట్టింది. పాత సందేశ కావ్యపు ఛందస్సులోనే, పాత చట్టంలోనే ఇది సాధ్యమైందంటే, కొత్త రూపం మాత్రమే విప్లవాత్మకమన్న మన తొందరపాటును కాస్త సవరించుకోవాలి.

తరువాత 1990ల నుంచి వచ్చిన రచనలు లందను సాహిత్యంలోకి తెచ్చాయి. 1997 నాటి నాగప్పగారి సుందర్రాజు 'మాదిగోడు' కథలు, 1998 నాటి ఎండ్లూరి సుధాకర్ 'కొత్త గబ్బిలం', మాకు దగ్గరి తాండూరు ప్రాంతపు భాషలో గోగు శ్యామల రాసిన కథలు, 2003లో ఆమె సంకలనం చేసిన 'నల్లపొద్దు' వీటిని వేర్వేరుగా కాక ఒక వరసలో చదవాలి. శ్యామల కథల్లో పని గొప్పగా ప్రకటించబడదు. ఇంట్లో మాటల మధ్య, తిండి మధ్య, పిల్లల ఆటల మధ్య దొర్లుతుంది. పని చేసేవాళ్లకు పని అలాగే ఉంటుంది గదా! ఇంకా వెనక్కి వెళ్తే జాంబపురాణం ఉంది. చిందువాళ్లూ డక్కలివాళ్లూ చెప్పే ఆ పురాణం జాంబవంతుణ్ణి సృష్టికి పెద్దగా నిలబెట్టి కులానికి పుట్టుక చెబుతుంది. పనికి విశ్వం పుట్టుకలోనే చోటు అడిగిన కావ్యమది. మన సాహిత్య చరిత్రకారులు దాన్ని జానపదం అనే వరండాలో కూర్చోబెట్టారు. అది కూడా వాస్తు సమస్యే.

భాష సంగతి మరీ ముఖ్యం. భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వాన వచ్చిన మాండలిక వృత్తి పదకోశంలో మొదటి సంపుటం వ్యవసాయం మీద 1962లో, రెండోది చేనేత మీద 1971లో వెలువడ్డాయి. ఆ తరువాత ఇతర వృత్తులమీదా సంపుటాలు వచ్చాయి. అది గొప్ప కృషి. అయితే ఆ మాటలు తరగతి గదిదాకా రాలేదు. నేను పాఠం చెప్పే తొమ్మిదో తరగతి పిల్లల్ని ఇంట్లో పెద్దవాళ్ల పనిముట్ల పేర్లు రాసుకురమ్మన్నాను. ఒక అమ్మాయి తాతనడిగి లంద, ఆరె, రంపె, గూటం, వారు, ఉంగటం అని ఆరు మాటలు తెచ్చింది. తెచ్చి, చదవకుండా కాగితం నా చేతికిచ్చింది. పైకి చదవమంటే చదవలేదు. మిగతా పిల్లలు నాగలి, మగ్గం మాటలు గట్టిగా చదివారు. ఒకే భాషలో కొన్ని మాటలు పైకి చదవగలవి, కొన్ని చేతికివ్వగలవి మాత్రమే. డప్పు ప్రతీకతో వంద కవితలు వచ్చినా ఈ అమ్మాయి 'లంద' అన్న మాటను గట్టిగా చదివే ధైర్యం రాలేదంటే, ఆ వంద కవితలు ఏ గోడమీద ఉన్నాయో ఆలోచించుకోవాలి.

ఇదంతా లంద పోయిందే అన్న విచారంతో చెప్పడం లేదు. చేతివృత్తుల మీద కన్నీరు కార్చడం మరో రకం ఫలకం. ఆ పని కులానికి కట్టిన గొలుసు, తెగితే సంతోషించాలి. గుంటూరు జిల్లా యలవర్రులో 1922లో రైతు కుటుంబంలో పుట్టి, 1958 నుంచి 1971 దాకా మద్రాసు కేంద్ర తోళ్ల పరిశోధన సంస్థకు సంచాలకుడుగా ఉన్న యలవర్తి నాయుడమ్మ తోలు పనిని కులంనుంచి శాస్త్రంలోకి మళ్లించడానికి కృషి చేశారు. 1985లో కనిష్క విమాన ప్రమాదంలో పోయిన ఆ శాస్త్రజ్ఞుణ్ణి మన రచయితలు ఎంతమంది తలచుకున్నారు? శాస్త్రం వచ్చినంతమాత్రాన కథ సుఖాంతం కాలేదన్నదీ నిజమే. ఏడాది పట్టే పనిని క్రోమియం లవణాలు రోజుల్లోకి కుదించాయి. ఆ నీళ్లు తమిళనాడులో పాలారు పరీవాహాన్ని ఎంత పాడుచేశాయో 1996 నాటి సుప్రీంకోర్టు తీర్పులో ఉంది. వాగు ఒడ్డున కంపు భరించినవాళ్లూ, పాలారు ఒడ్డున ఉప్పునీళ్లు తాగినవాళ్లూ ఒకే వర్గం మనుషులు.

బెర్మండ్సీలో నేడు తోళ్లు ఊనడం లేదు. నెకింజర్ మిల్స్ నివాస గృహాలైంది. ఎక్స్ఛేంజిలో కార్యాలయాలున్నాయి. టానర్ స్ట్రీట్, మొరాకో స్ట్రీట్ అని వీధుల పేర్లు మిగిలాయి. పని పోయాక దాని కట్టడం అందంగా కనబడుతుంది, ధర పలుకుతుంది. మన దగ్గర అదీ లేదు. 1934లో నిజాం కట్టించిన వరంగల్ ఆజంజాహి మిల్లు వేలమంది కార్మికుల్ని పెంచి, మూతపడి, ఇవాళ పాతవాళ్ల జ్ఞాపకాల్లో మిగిలింది. అంత పెద్ద మిల్లుకే ఆ గతి పడితే, కప్పు కూడా లేని లందకు స్మారకం ఎక్కడ? దానికి మిగిలే కట్టడం భాషే. అందుకే రచయితల బాధ్యత ఇక్కడ ఎక్కువ.

నా మనవి రెండు ముక్కలు. రచయితలకు: పనిని గురించి రాసేముందు ఆ పని ఎన్ని దశల్లో జరుగుతుందో పనిచేసినవాళ్లను అడిగి తెలుసుకోండి. రాసింది వాళ్లకు చదివి వినిపించండి. వాళ్లు తప్పు పడితే దిద్దుకోండి. మీ కథకు కొత్త రూపం అక్కడే దొరకవచ్చు. సాహిత్య విద్యార్థులకు: ఒక రచనలో శ్రామికుడు కనబడగానే అది శ్రామిక సాహిత్యమని పరీక్ష పేపర్లో రాయకండి. అతను గోడ బయట చెక్కబడి ఉన్నాడా, లోపల నిలబడి మాట్లాడుతున్నాడా అని చూడండి. తంగేడు పూవును పాడుకున్నంత కాలం పాడుకున్నాం. ఇక తంగేడు చెక్కను చదవవలసి ఉంది.